సంగీత నవల: రసికుల చేతుల్లో బతికిన పుస్తకం

పాట తీసేస్తే కథ నిలవని నవలే సంగీత నవల. కథానాయకుడు గాయకుడైనంత మాత్రాన ఆ పేరు రాదు. ముఖచిత్రం మీద నాయిక వీణ పట్టుకుని కూర్చున్నా రాదు. ఆ పుస్తకంలో మనుషులు ప్రేమించేదీ, పోట్లాడుకునేదీ, ఓడిపోయేదీ సంగీతం వల్లనే కావాలి. ఇలాంటి పుస్తకాలకు నమ్మకమైన పాఠకులు సంగీత రసికులే. కచేరీ ముగిసి, ఆనాటి ఆలాపన మీద వాదన చల్లారాక, ‘ఇప్పుడేం చదువుతున్నారు?’ అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. అట్ట నలిగిన పుస్తకం ఒకటి సంచిలోంచి బయటికి వస్తుంది, మరొకరి సంచిలోకి వెళ్తుంది.

ఈ రకం నవలకు పెద్దపీట వేసింది ఐరోపా అంటారు. సోర్బాన్‌లో సంగీత చరిత్ర బోధించిన రోమా రోలా 1904 నుంచి 1912 వరకు ‘జాన్ క్రిస్టఫ్’ను పది సంపుటాలుగా వెలువరించాడు. 1915 నోబెల్ సాహిత్య బహుమతి ఆయనకే దక్కింది. మన దేశంలో ఆ పని తమిళ వారపత్రికలు చేశాయి. కొత్తమంగళం సుబ్బు ‘తిల్లానా మోహనాంబాళ్’ 1957–58లో ‘ఆనంద వికటన్’లో ధారావాహికగా వచ్చింది. తి. జానకిరామన్ ‘మోహముళ్’ ‘స్వదేశమిత్రన్’ వారపత్రికలో వచ్చింది.

కాగితానికి నాదం లేదు. ఈ రచయితల అసలు పరీక్ష అక్కడే మొదలవుతుంది. చేతకానివాడు విశేషణాలు గుప్పిస్తాడు: అమృతం కురిసింది, గంధర్వులు దిగివచ్చారు, సభ మైమరచింది. పాట మాత్రం వినపడదు. చేయి తిరిగినవాడు పాటను వర్ణించడు, పాట వెనక ఉన్న పనిని చూపిస్తాడు. విక్రమ్ సేథ్ 1999లో వెలువరించిన ‘యాన్ ఈక్వల్ మ్యూజిక్’లో నలుగురు తంత్రీవాద్య కళాకారులు సాధనకు కూర్చున్న ప్రతిసారీ ముందుగా ఒక మామూలు స్వరశ్రేణిని నెమ్మదిగా, నలుగురూ కలిసి వాయిస్తారు. దేశాలు తిరిగి కచేరీలు చేసేవాళ్లు ఏ రోజుకా రోజు సరళీ స్వరాల దగ్గర మొదలుపెట్టడమన్నమాట! ఆ ఒక్క అలవాటుతో వాళ్ల మధ్య ఉన్న అనుబంధం, వినయం, శ్రుతి మీద భక్తి అన్నీ తెలిసిపోతాయి. అదే నవలలో వినికిడి కోల్పోతున్న పియానో కళాకారిణి జూలియా తోటివాళ్ల చేతుల కదలిక చూస్తూ వాయిస్తుంది. చెవి పనిచేయని చోట కంటితో సంగీతం వినిపించిన రచయితకు ఎన్నిసార్లు దండం పెట్టినా చాలదు.

మరో పద్ధతి వినేవాడి మనసు మీదుగా వెళ్లడం. మార్సెల్ ప్రూస్ట్ నవలలో వాంతోయ్ అనే స్వరకర్త ఉన్నాడు. అతడూ కల్పితమే, అతడి సొనాటా కూడా కల్పితమే. అందులోని ఒక చిన్న పలుకు స్వాన్, ఒడెట్‌ల ప్రేమకు గుర్తుగా మారుతుంది. ప్రేమ సడలిపోయాక ఒక విందులో అదే పలుకు మళ్లీ వినబడేసరికి స్వాన్‌కు పోయిన సుఖమంతా ఒక్కసారిగా గుండె మీద పడుతుంది. స్వరాలు అవే. మారింది వినేవాడు. ఒకే కీర్తనను ఇరవై ఏళ్లుగా వింటున్న ఏ రసికుడికైనా ఈ అనుభవం కొత్త కాదు. దాన్ని పుస్తకంలో అంత సూటిగా పట్టుకోవడమే అద్భుతం.

థామస్ మన్ 1947లో ప్రచురించిన ‘డాక్టర్ ఫాస్టస్’ది మూడో దారి. నత్తితో ఇబ్బందిపడే క్రెచ్‌మార్ అనే వ్యాఖ్యాత, దాదాపు ఖాళీగా ఉన్న సభలో, బీథోవెన్ చివరి పియానో సొనాటాకు మూడో భాగం ఎందుకు లేదో పియానో వాయిస్తూ, ఆ మోతకు మించి అరుస్తూ వివరిస్తాడు. సంగీత విమర్శను కథగా మలచడంలో ఆ అధ్యాయానికి సాటి లేదు. అయినా ఆ నవలలో తల ముందు నడుస్తుంది, చెవి వెనక నడుస్తుంది.

చెవి ముందు నడిచిన నవల ‘మోహముళ్’. కుంభకోణంలో చదువుకుంటున్న బాబు తనకంటే పెద్దదైన యమునను ప్రేమిస్తాడు. రంగణ్ణ దగ్గర సంగీతం నేర్చుకుంటాడు. రంగణ్ణకు చప్పట్ల మీద ఆశ లేదు, నాదం ఆయనకు ఉపాసన. గొంతు పక్వానికి రానిదే వేదిక ఎక్కకూడదన్న బాబు పట్టుదల, మరాఠీ గాయకుల గాత్రబలం విని అతడు పడే తపన దక్షిణాది సంగీత లోకం నేటికీ జవాబు చెప్పుకోవాల్సిన ప్రశ్నలు. జానకిరామన్ ఆకాశవాణిలో పనిచేశాడు, సంగీతం నేర్చుకున్నవాడు. అందుకే అక్కడ శ్రుతి, గమకం, గొంతు అలసట అలంకారాలుగా రావు, కథను నడిపిస్తాయి. భారతీయ భాషల్లో సంగీత నవలకు ఇదే శిఖరం. సుబ్బు నవలలో నాదస్వర విద్వాంసుడికీ నాట్యకత్తెకీ మధ్య పోటీ రక్తి కట్టిస్తుంది, కానీ ఇంత లోతుకు దిగదు. ఈ కావేరీ తీరపు నవలల్లోని సంగీతకారులు పెంచుకున్న సంపదలో పెద్ద భాగం త్యాగరాజు తెలుగు కీర్తనలే.

మరి తెలుగు మాటేమిటి? విశ్వనాథ ‘వేయిపడగలు’లో గిరిక నాట్యం భక్తికి పరాకాష్ఠ. అయితే విద్వాంసుడి రోజువారీ సాధనే నడుమ నిలిచిన గొప్ప తెలుగు నవల పేరు చెప్పమంటే రసికులు తడబడతారు. కీర్తనల భాషకు ఇది తీరని లోటు. ఆ ఖాళీలో చౌక సరుకు చేరింది. వారం రోజుల్లో విద్వాంసుడైపోయే నాయకుడు, కన్నీళ్లు వచ్చిన ప్రతిచోటా శివరంజని, పేజీకి నాలుగు రాగాల పేర్లు! హిందుస్తానీ తోడి మన శుభపంతువరాళికి దగ్గరదనీ, మన తోడి వేరనీ తెలియకుండా రెండింటినీ కలిపేసే రచయితలు ఉన్నారు. ఉత్తరాది భైరవినీ దక్షిణాది భైరవినీ ఒకటి చేసే అనువాదకులూ ఉన్నారు. ఇది చిన్న పొరపాటు కాదు. చదివేవాడికి చెవి ఉండదని ముందే తీర్మానించుకోవడం, పాఠకుణ్ణి అవమానించడం. ‘తిల్లానా మోహనాంబాళ్’ను 1968లో సినిమాగా తీశారు; అందులో ఎం.పి.ఎన్. సేతురామన్, పొన్నుసామి సోదరుల నాదస్వరం వింటే ఒళ్లు పులకరిస్తుంది. కానీ ఆ సినిమా చూసి నవల చదివేశామనుకునేవాళ్లు నష్టపోతున్నది ఎంతో.

ప్రచురణకర్తలు చేయాల్సింది స్పష్టమే. ఇలాంటి నవలలను మూలభాష తెలిసినవారి చేత తెలుగు చేయించాలి, అచ్చుకు ముందు సంగీతం తెలిసిన మరొకరి చేత రాగాల పేర్లు సరిచూపించాలి. సంగీత సభలు ఒకప్పుడు వేదిక పక్కన సీడీల బల్లకు ఇచ్చిన చోటులో సగం పుస్తకాలకు ఇవ్వాలి. రసికులు మాత్రం ఎవరి కోసమూ ఆగనక్కర్లేదు: రాబోయే కచేరీకి వెళ్లేటప్పుడు తమకు నచ్చిన ఒక సంగీత నవల వెంట తీసుకెళ్లి, పక్క కుర్చీలో కూర్చున్నవారికి ఇచ్చి రావాలి.