సృష్టి, పుట్టుక, వెలయడం: భద్రాచల అటవీ సీమ ఆదికథల్లో క్రియాపద విచారణ

జగత్తు ఎలా వచ్చిందన్న ప్రశ్నను తెలుగు విమర్శ చాలాకాలంగా ఇద్దరు కక్షిదారుల వ్యాజ్యంగా విచారిస్తూ వచ్చింది. ఒకవైపు పురాణాల బ్రహ్మ, మరొకవైపు పరిణామవాదం. తెలుగు హేతువాద వచనం అధికంగా కోస్తా పట్టణాల్లో పుట్టింది. దాని ఎదుట నిలిచిన ప్రత్యర్థి పౌరాణికుడు, పురోహితుడు. ఆ వాదానికి ఆ ప్రత్యర్థి సరిపోయాడు కూడా. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, అదే కొలబద్దను ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దులోని ఆదివాసీ కథనాలకు పెట్టినప్పుడు. అప్పుడు కోయల ఆదికథ ఆదిమ మానవుని అమాయక విజ్ఞానంగానో, శాస్త్రం వచ్చేదాకా నిలబడిన నమ్మకంగానో తేలుతుంది. ఇ. బి. టైలర్ 1871లో ప్రకటించిన గ్రంథంతో ఊపందుకున్న ఈ దృష్టి, జానపద విజ్ఞాన పరిశోధనలో పేరు చెప్పకుండానే ఇంకా పనిచేస్తున్నది. ఒక సమాధానం తప్పో ఒప్పో తేల్చే ముందు అది ఏ ప్రశ్నకు సమాధానమో తెలియాలి. ఈ సీమ కథనాల్లో ఆ ప్రశ్నను పట్టి ఇచ్చేది క్రియాపదం.

సృష్టి అన్న మాటనే ముందు చూడవలసి ఉంది. దీని మూలమైన ‘సృజ్’ ధాతువుకు విడుచుట, వెలువరించుట అని అర్థం. విసర్జన, విసర్గ, ఉత్సర్గ పదాలు ఆ ధాతువు నుంచి వచ్చినవే. లోపల ఉన్నది బయటికి రావడమే అందులోని భావన. శూన్యం నుంచి ఒక కర్త లోకాన్ని చేశాడన్న క్రైస్తవ భావనకు తెలుగులో ఈ మాటనే వాడుకోవడం వల్ల, ‘సృష్టికర్త’ అనగానే ఆధునిక పాఠకునికి కుండకు కుమ్మరిలాంటి కర్త స్ఫురిస్తాడు. నేటి వివాదంలో ఆస్తికుడు సమర్థించేదీ నాస్తికుడు ఖండించేదీ చాలావరకు ఆ కుమ్మరినే. దేశీయ కథనాల్లో అలాంటి కర్త ఎంతమేరకు ఉన్నాడన్నది వేరుగా అడగవలసిన ప్రశ్న.

భద్రాచల స్థలపురాణంలో అతడు కనిపించడు. మేరువు కుమారుడైన భద్రుడు రాముని కోసం తపస్సు చేస్తాడు, స్వామి శంఖచక్రధారియై చతుర్భుజుడైన రామునిగా ప్రత్యక్షమవుతాడు, భద్రుడు గిరియై ఆయనకు ఆసనమవుతాడు. కొండ ఎలా పుట్టిందన్నది ఇక్కడ సమస్య కాదు. దేవునికి ఆ చోటుతో ఉన్న సంబంధం ఎలా స్థిరపడిందన్నదే సమస్య. ఉత్తరకథలో ఆదివాసీ స్త్రీ పోకల దమ్మక్కకు పుట్టలో విగ్రహాలు దొరుకుతాయి. పిదప 17వ శతాబ్దంలో కంచెర్ల గోపన్న ఆలయం కట్టిస్తాడు. దేవుని విషయంలో తెలుగువారు వాడే క్రియ ‘వెలయు’. దేవుడు వెలిశాడంటారు. అంతకుముందే ఉన్నవాడు కంటబడ్డాడని దాని అర్థం. కంటబడ్డది ఎవరికి, గుడి ఎవరిది అన్న విభజన ఈ కథలో గమనించదగినది. కనుగొన్నది అడవి, కట్టింది తహశీలు. పూరీ జగన్నాథుని కథలో శబర విశ్వావసువు పాత్ర కూడా ఇటువంటిదే. అడవి జనుల దేవుడు నగరానికి చేరే ప్రతి కథలోనూ తొలి దర్శనం వారికే దక్కుతుంది. తర్వాతి అధ్యాయాల్లో మాత్రం వారి చోటు కుదించుకుపోతుంది. స్థలపురాణం జగదుత్పత్తి సిద్ధాంతం కాదు, ఒక రకమైన హక్కుపత్రం. దానిని భూగర్భశాస్త్రంతో ఖండించబూనినవాడు పట్టా కాగితంలో కవిత్వదోషాలు వెదికినవానితో సమానం.

కోయల విషయంలో లిఖితాధారం 19వ శతాబ్ది ఉత్తరార్ధం నుంచి చిక్కుతుంది. గోదావరి నౌకామార్గ నిర్మాణంలో ఇంజనీరుగా పనిచేసిన హేగ్ చొరవతో దుమ్ముగూడెంలో క్రైస్తవ మిషను ఏర్పడింది. అక్కడ మిషనరీగా ఉన్న జాన్ కెయిన్ 1870వ దశకంలో ‘ఇండియన్ ఆంటిక్వెరీ’లో భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి రాశాడు. ఆయన సేకరించిన విషయాలను ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో వెలువడిన తన కులాలు, తెగల సంపుటాల్లో చేర్చుకున్నాడు. అందులో నమోదైన కథ ఇది: ధర్మరాజుతో కలిసి అరణ్యవాసంలో ఉన్న భీముడు ఒకనాడు వేటకు వెళ్లి, అడవిలో ఒక వనస్త్రీని చూచి, ప్రేమించి పెండ్లాడాడు. వారి సంతానమే కోయలు.

దీనిని హిడింబ కథకు జానపద రూపాంతరమని ఒక్క వాక్యంలో తేల్చడం సులభం. కానీ తేడాలు యాదృచ్ఛికంగా లేవు. నన్నయ ఆదిపర్వంలో హిడింబాసమాగమం లక్కయిల్లు దగ్ధమైన తర్వాత, అంటే అరణ్యవాసానికి ఎంతో ముందు జరుగుతుంది. తల్లి అనుమతి కావాలి, కుమారుడు కలిగేదాకా అన్న గడువు ఉంది. కోయల కథ ఆ ఘట్టాన్ని రాజ్యం పోయిన కాలానికి జరిపింది. పాండవులు అప్పుడు అడవికి ప్రభువులు కారు, అడవి నీడన తలదాచుకున్నవారు. గడువు మాటా లేదు, రాక్షసి అన్న ముద్రా లేదు. కెయిన్ ఇంగ్లీషులో ఆమెకు తగిలించిన ‘అడవిమనిషి’ వంటి విశేషణం కథదో కథను రాసుకున్నవానిదో చెప్పడం కష్టం. అన్నిటికన్నా పెద్ద తేడా సంతానం విషయంలో ఉన్నది. భారతంలో ఘటోత్కచుడు తలచినప్పుడు వచ్చే సహాయకుడు. ద్రోణపర్వంలో కర్ణుని శక్త్యాయుధానికి ఎర అవుతాడు. అర్జునుని ప్రాణం నిలిచిందని మూలభారతంలో కృష్ణుడు ఆ చావుకు సంతోషిస్తాడు కూడా. కోయల కథలో భీముని బిడ్డ ఎవరి యుద్ధానికీ పోడు. అడవిలోనే ఉండి ఒక జాతి అవుతాడు. మహాకావ్యం ఖర్చుపెట్టిన మనిషిని ఈ చిన్న కథ నిలబెట్టుకున్నది.

ఇందులో లోకం పుట్టుక లేదు. భూమి, నీరు, సూర్యుడు అప్పటికే ఉన్నాయి. కథ జవాబిచ్చే ప్రశ్న: మేము ఎవరి బిడ్డలం, మైదానపు రాజులకు మేము ఏమవుతాము? ఆ కాలంలో ఆ ప్రశ్నకు ఉన్న బరువును మరువరాదు. భద్రాచలం, రేకపల్లి తాలూకాలు 1874లో సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాకు మారాయి. పోడుపై పన్ను, అడవిపై ఆంక్షలు రగిల్చిన అసంతృప్తితో 1879 నాటి రంప తిరుగుబాటు రేకపల్లి ప్రాంతానికీ పాకింది. అడవి ఎవరిదని సర్కారు అడుగుతున్న కాలంలో తమది భీముని వంశమని చెప్పుకోవడాన్ని వట్టి నమ్మకమనడం చాలదు.

కోయ దేవతల గురించి కెయిన్, థర్‌స్టన్ నమోదు చేసినవి కూడా ఈ దిశనే చూపుతాయి. కొర్రరాజు పులులపై అధికారం గలవాడు. మామిలి అనే దేవతను ఏటి మొదట్లో కొలవకపోతే పంట దక్కదు. అంటే పులి ఉన్నది, పంట ఉన్నది. వాటిమీద ఎవరి ఆజ్ఞ నడుస్తుందన్నదే విషయం. విజ్జ పండుగలో విత్తనానికి జరిగే పూజలోనూ కాలం ఋతువుగా తిరుగుతుంది తప్ప ఒక తొలి క్షణం వైపు వెనక్కి పోదు. వంశవ్యవస్థ మరింత స్పష్టమైన సాక్ష్యం. మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు, ఆరో గట్టు, ఏడో గట్టు అన్న విభాగాల్లో ఎవరి వేల్పు ఎవరు, ఎవరికి ఎవరు అన్నదమ్ములు, ఎవరితో వియ్యం కుదురుతుంది అన్నవి నిర్ణయమవుతాయి. కోయల డోలీలు పడిగె ఎదుట పాడే వంశగాథలు ఈ సంబంధాలకు జ్ఞాపకస్థానాలు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ లభించినప్పుడు పత్రికలు ఆయనను కళాకారునిగా పరిచయం చేశాయి. అది నిజమే, కాని సగమే. తెలుగులోనూ కోయ భాషలోనూ ఆ గాథలను పాడిన ఆ గొంతు వియ్యాలకూ వేల్పులకూ సాక్షిగా నిలిచిన గొంతు కూడా. ఆయన 2024లో కన్నుమూశారు.

కెయిన్ దుమ్ముగూడెంలో ఉన్న దశకంలోనే మరొక ఆదికథ ఈ నేలమీద రాయబడుతున్నది. భారత భూగర్భ సర్వేకు చెందిన విలియం కింగ్ 1871 ప్రాంతంలో ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించాడు. ప్రాణహిత, గోదావరి లోయ భూగర్భంపై ఆయన గ్రంథం 1881లో వెలువడింది. 1872లో మెడ్లికాట్ ఇలాంటి శిలాసముదాయానికి గోండుల నేల పేరు మీద ‘గోండ్వానా’ అని పేరు పెట్టాడు. దక్షిణ ఖండాలన్నీ ఒకప్పుడు కలిసి ఉన్న మహాఖండానికి తర్వాత ఆ పేరే స్థిరపడింది. కొత్తగూడెం, మణుగూరు గనుల్లోని బొగ్గు పెర్మియన్ యుగపు అడవుల శేషం. వాటి వయస్సు 25 కోట్ల ఏండ్లకు పైమాట. అప్పుడు మనిషి లేడు, పువ్వు పూసే చెట్టు కూడా లేదు. గ్లాసోప్టెరిస్ అనే అంతరించిన మొక్క ఆకు ముద్రలు ఇక్కడా, ఆఫ్రికాలోనూ, ఆస్ట్రేలియాలోనూ, అంటార్కిటికాలోనూ దొరకడం ఖండాల కలయికకు బలమైన సాక్ష్యం.

భూగర్భశాస్త్రం తెలుగులో వాడే క్రియ ‘ఏర్పడు’. పొరలు ఏర్పడ్డాయి, లోయ ఏర్పడింది. కర్త అక్కరలేని క్రియ ఇది. శాస్త్రం బలమంతా ఆ అక్కరలేకపోవడంలోనే ఉంది. అయితే ఏర్పడటానికి కర్త లేకపోయినా, ఏర్పడినదానికి యజమాని వెంటనే వచ్చాడు. 1886లో ఇంగ్లండులో నమోదైన హైదరాబాద్ డెక్కన్ కంపెనీ 1889లో తవ్వకం మొదలుపెట్టింది. 1920లో సింగరేణి కాలరీస్ ఏర్పడింది. మహాఖండానికి గోండుల పేరు దక్కింది, గని మాత్రం ఇతరులకు దక్కింది. దమ్మక్క కథలోని విభజన ఇక్కడ మరో రూపంలో కనిపిస్తుంది. దీనివల్ల కింగ్ కనుగొన్నది అసత్యం కాదు. బొగ్గు వయస్సు ఎవరి విశ్వాసం మీదా ఆధారపడదు. అన్ని కథనాలూ సమానమైన సత్యాలే అనే నేటి అలవాటు మాట కోయలకు చేసే ఉపకారమూ ఏమీ లేదు. భీముని కథను భూచరిత్రగా నిలబెట్టబూనితే అది మొదటి ప్రశ్నకే ఓడిపోతుంది. అది చెప్పిన వంశసంబంధంగా చదివితే దానిని ఓడించవలసిన పని శాస్త్రానికి లేదు.

ఈ భేదాన్ని తెలుగు వైజ్ఞానిక వచనం కూడా పూర్తిగా పాటించలేదు. నండూరి రామమోహనరావు విశ్వాన్ని గురించి రాసిన పుస్తకానికి ‘విశ్వరూపం’ అనీ, మానవ పరిణామాన్ని గురించి రాసిన పుస్తకానికి ‘నరావతారం’ అనీ పేర్లు పెట్టారు. తరాల పాఠకులకు ఖగోళాన్నీ జీవపరిణామాన్నీ దగ్గర చేసిన రచనలవి. పేర్ల ఔచిత్యంలోని చమత్కారం అందరూ ఒప్పుకునేదే. కాని అవతరించడమంటే పైనుంచి దిగడం, దిగడానికి ముందే దిగేవాడు ఉండటం. పరిణామవాదం చెప్పేది దీనికి సరిగ్గా విరుద్ధం. ముందుగా నిర్ణయమైన రూపమంటూ లేకుండానే, నిలిచిన చిన్న మార్పులు పేరుకొని మనిషి ఏర్పడ్డాడు. పుస్తకం లోపలి వాదం శీర్షికను ఖండిస్తూ నడుస్తుంది. పౌరాణిక పాఠకుని తన వైపు తిప్పుకోవడానికి ఎంచుకున్న ఈ మార్గం ఫలించిందనడంలో సందేహం లేదు. అయితే ఆ పాఠకుడు ఎవరన్నది శీర్షికే చెబుతుంది. దశావతారాలు తెలిసిన ఇంటివాడు. చర్లలోనో చింతూరులోనో కోయ ఇంటి నుంచి బడికి వచ్చిన పిల్లవానికి ముందు అవతారమంటే ఏమిటో నేర్పి, తర్వాత అది నిజం కాదని చెప్పవలసి వస్తుంది. అతని ఇంటి కథకు పరిణామంతో తగవు లేదు. తగవును కూడా అతనికి పాఠంతోపాటు అరువిచ్చినట్లవుతుంది.

పరిశోధకునికి ఇక్కడ ఆచరణలో ఒక చిక్కు ఎదురవుతుంది. కోయ కథనాలు విశ్వవిద్యాలయాలకు ఎక్కువగా తెలుగులో చేరుతున్నాయి. గోండి, కోయ, కువి భాషలు తెలుగుతోపాటు దక్షిణ మధ్య ద్రావిడ శాఖలోనివే అయినా, బంధుత్వం అనువాదాన్ని అక్కరలేకుండా చేయదు. గాయకుడు వాడిన కోయ క్రియకు సేకర్త ‘సృష్టించెను’ అని రాసుకుంటే, అక్కడ లేని కర్త ఒక్క అక్షరపు ఖర్చుతో పుట్టుకొస్తాడు. తర్వాత వచ్చే విమర్శకుడు ఆ కర్తను పట్టుకొని ఏకేశ్వర భావననో, హిందూ ప్రభావాన్నో, మిషనరీ ప్రభావాన్నో నిరూపిస్తాడు. కెయిన్ విషయంలో ఈ అనుమానం ఎప్పుడూ ఉండవలసిందే. అతడు అడిగినవాడు, అడగడానికి అతనికి ఒక మతకారణం ఉంది. కాని నేటి సేకర్త ప్రశ్నావళిలో ‘లోకాన్ని ఎవరు సృష్టించారు?’ అన్న ప్రశ్న మొదటి వరుసలో ఉన్నప్పుడు, కెయిన్ ఒక్కడినే తప్పుపట్టడం న్యాయం కాదు. మూలభాషలో క్రియను ధ్వనిముద్రణతో సహా భద్రపరచి, అర్థాన్ని పక్కన వేరుగా ఇవ్వడం ఈ సీమ సేకరణలకు కనీస నియమం కావాలి.

ఆ పనికి ఉన్న వ్యవధి కూడా తక్కువే. 2014లో కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం, వేలేరుపాడు, కుక్కునూరు మండలాలూ, పట్టణం మినహా భద్రాచలం మండలమూ, బూర్గంపాడులో కొంత భాగమూ ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌కు మారాయి. కారణం పోలవరం ముంపు. శబరి గోదావరిలో కలిసే కూనవరం ఆ ముంపు ప్రాంతంలోనే ఉంది. వంశగాథ ఊరి పేరుతో, గుట్ట పేరుతో, వేల్పు నిలిచిన చెట్టుతో ప్రమాణం చెబుతుంది. పునరావాస కాలనీలో అదే గాథను పాడేవాడు ఏ గుట్టను వేలితో చూపాలన్నది, సృష్టివాద పరిణామవాదాల చర్చలో ఇంతవరకు ఎవరూ ఎత్తని ప్రశ్న.