నీళ్ళకి ఎవరు వెళ్ళాలి?

వీడియో గేమ్ అనగానే మనకి గుర్తొచ్చేది తుపాకుల చప్పుడు, పక్కనే అన్నం కంచంలో చల్లారిపోతున్నా తల ఎత్తని పిల్లలు. అలాంటి ఆటతో ఎక్కడో జనం పడే బాధ మనకి తెలుస్తుందంటే నవ్వొస్తుంది కదూ? 

కానీ 2006లో సుసానా రూయిజ్, ఆమెతోటి విద్యార్థులు అమెరికాలో తయారుచేసిన ‘డార్ఫర్ ఈజ్ డయింగ్’ సంగతి వేరు. సూడాన్‌లోని డార్ఫర్‌లో 2003లో మొదలైన మారణకాండకి ఊరొదిలి, శిబిరంలో తలదాచుకున్న ఓ కుటుంబం ఈ ఆటలో మనది. శిబిరానికి నీళ్ళు కావాలి. బావి దూరం. దారిలో సాయుధులు జీపుల్లో తిరుగుతుంటారు. ఎవరిని పంపుదాం?

నీళ్ళు ఆడవాళ్ళ పనే అయినా, అపాయం ఉంది కనుక తండ్రిని పంపుదామనుకుంటాం. ఆట ఒప్పుకోదు. మగవాడు కంటపడితే చంపేస్తారు. ఇక మిగిలింది తల్లీ, పిల్లలూను. దొరికిపోయిన ఆడపిల్లకి ఏమవుతుందో ఆట చెబుతుంది, చూపించదు. ఆ మర్యాద మన సినిమావాళ్ళు నేర్చుకుంటే బాగుండును. తండ్రిని పంపడానికి వీల్లేదన్న ఆ ఒక్క నియమం, నేను నవలలో ఒక ప్రకరణమంతా రాసి చెప్పవలసిన మాట చెప్పేసింది. నిజం చెప్పొద్దూ, కాస్త అసూయ కూడా కలిగింది.

మా అక్క కొడుకు ఆడుతుంటే పక్కన కూర్చున్నాను. మొదటిసారి పిల్ల దొరికిపోయినప్పుడు వాడు మాట్లాడలేదు. నాలుగోసారికి, “చిన్నమ్మా, సూడు, ఈసారి ఒక్క ఉరుకుల పోయిన!” అన్నాడు. పిల్ల పోయి ఉరుకుడు మిగిలింది. తప్పు వాడిది కాదు. ఏడు రోజులు శిబిరాన్ని నిలబెట్టాలని గురి పెట్టాక, ఎవరైనా ఆ గురినే చూస్తారు.

ఆ ఆటకి ఆధారమైన ‘ఫ్లాష్’ 2020 చివర మూలపడింది. 2023 ఏప్రిల్‌లో సూడాన్‌లో మళ్ళీ యుద్ధం రాజుకుంది. డార్ఫర్ జనం మళ్ళీ ఊళ్ళు వదిలారు.

ఉట్నూరులో ఉండి ఇది రాస్తూ ఇంద్రవెల్లిని తలచుకోకుండా ఎలా? 1981 ఏప్రిల్ 20, సోమవారం, సంత రోజు. భూముల కోసం సభకి వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. పోయింది 13 మందని ప్రభుత్వం లెక్క. ఇంకా ఎంతోమందని జనం లెక్క. రేపు ఎవరైనా దీన్ని ఆటగా చేస్తే? చెయ్యొద్దని నేననను. తెర మూలన మార్కులు మాత్రం పెట్టొద్దు. పోయినవాళ్ళ లెక్కే తేలని చోట మార్కులేమిటి? తుపాకీ కూడా మన చేతికివ్వొద్దు. సంతకి బయల్దేరిన తల్లిని ఇవ్వండి. ఉప్పు కొనాలి, చంకలో బిడ్డ ఉంది, సభకి అనుమతి రద్దయిన కబురు ఆమెదాకా రాలేదు. బిడ్డని ఇంటి దగ్గర వదిలి వెళ్ళే వీలు ఆటలో ఉండాలా, వద్దా? అది చేసేవాళ్ళు బొమ్మలు గీయకముందే గూడేలకి వచ్చి, ఆ రోజు సంతకి వెళ్ళొచ్చిన ముసలమ్మల్ని అడగాలి.