గీత కనిపిస్తే సరిపోదు

1980 ఫిబ్రవరి 16 మధ్యాహ్నం సంపూర్ణ సూర్యగ్రహణం నీడ మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల మీదుగా సాగింది. నల్లగొండ జిల్లాలోని నకిరేకల్ కూడా ఆ దారిలోనే ఉంది. గ్రహణమని చాలామంది తలుపులు వేసుకుని ఇళ్లలోనే ఉండిపోయారు. అదే సమయానికి మహబూబ్‌నగర్ జిల్లా పాలెంలో అమెరికాకు చెందిన హై ఆల్టిట్యూడ్ అబ్జర్వేటరీ బృందం సూర్యుడి కరోనాను ఫొటోలు తీస్తోంది.

కరోనా పది లక్షల డిగ్రీలు దాటిన ప్లాస్మా. హైడ్రోజన్, హీలియం, కొద్దికొద్దిగా కార్బన్, ఆక్సిజన్, ఇనుము, అన్నీ ఎలక్ట్రాన్లు ఊడిపోయి అయాన్లుగా కలగలిసి ఉంటాయి. అందులో ఏది ఎంతుందో అక్కడికి వెళ్లి తూచలేం. వెలుగును గీతలుగా విడగొట్టి చదవాలి. గీత దొరకడం కష్టమేం కాదు, అది ఏ మూలకానిదో తేల్చడమే అసలు పని.

1868 ఆగస్టు 18 గ్రహణాన్ని గుంటూరులో జాన్సెన్, మచిలీపట్నంలో పాగ్సన్ అనే ఖగోళ శాస్త్రవేత్తలు చూశారు. ఆనాడు కనిపించిన పసుపు గీతను సోడియందే అనుకున్నవారు ఎందరో. అది సోడియం గీతలకు ఒకటిన్నర నానోమీటర్ల పక్కన విడిగా ఉందని మరో శాస్త్రవేత్త లాక్యర్ తేల్చాకే హీలియం బయటపడింది. భూమ్మీద దాన్ని 1895లో రామ్సే పట్టుకున్నాడు. 1869 గ్రహణంలో కనిపించిన ఆకుపచ్చ గీత దీనికి తలకిందులు. అదీ కొత్త మూలకమే అనుకుని ‘కరోనియం’ అని పేరు పెట్టారు. చివరికి అది 13 ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న మామూలు ఇనుమని గ్రోట్రియన్, ఎడ్లెన్ నిరూపించేసరికి డెబ్బై ఏళ్లు గడిచాయి.

2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య-ఎల్1 ఈ పనిని వేరే దారిలో చేస్తోంది. భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరాన, కరోనా నుంచి వీచే సౌరగాలిలోని అయాన్లను నేరుగా పట్టి లెక్కిస్తోంది. ఇలాంటి పరికరాల్లో వంపు తిరిగిన పలకల మధ్య వోల్టేజీ పెడతారు. ఆవేశంతో పోల్చితే సరిగ్గా అంత శక్తి ఉన్న అయాన్లే ఆ వంపు దాటి బయటపడతాయి. అన్నీ దాదాపు ఒకే వేగంతో వస్తాయి కాబట్టి, ప్రోటాన్ (హైడ్రోజన్ కేంద్రకం) కంటే ఆల్ఫా కణం (హీలియం కేంద్రకం) రెట్టింపు వోల్టేజీ దగ్గర శిఖరంలా కనబడుతుంది. సౌరగాలి వేడెక్కితే ఈ రెండు శిఖరాలూ వెడల్పై ఒకదాంట్లోకి ఒకటి చొచ్చుకుపోతాయి. అందుకే అహ్మదాబాద్ భౌతిక పరిశోధనశాల తయారుచేసి ఆదిత్యలో అమర్చిన స్విస్ (SWIS) పరికరంలో వాటిని విడదీయడానికి అయస్కాంతం కూడా పెట్టారు.

అయినా ఒక చిక్కు మిగిలింది. ఆరు ఎలక్ట్రాన్లూ పోయిన కార్బన్‌కి, ఆల్ఫాకి బరువు-ఆవేశం నిష్పత్తి ఒకటే. వాటిని పలకలూ విడదీయలేవు, అయస్కాంతమూ విడదీయలేదు. 1997లో అమెరికా పంపిన ఏస్ నౌకలోని పరికరం, అయాన్ ప్రయాణించిన సమయాన్నీ, గుద్దుకున్నప్పుడు వదిలిన శక్తినీ కొలిచి ఆ చిక్కు విడదీసింది. ఒకే వేగంతో వచ్చినా కార్బన్ మూడింతల శక్తితో తగులుతుంది.

సౌరగాలిలో ఆల్ఫా కణాలు మామూలుగా ప్రోటాన్లలో నాలుగు శాతం దగ్గర ఉంటాయి. ఎనిమిది దాటితే సూర్యుడి నుంచి పెద్ద ప్లాస్మా మేఘం విరుచుకుపడుతోందని గుర్తు. ప్రోటాన్ల లెక్కలో ఆల్ఫాలు కలిసిపోతే ఆ హెచ్చరిక చేజారిపోతుంది.