శరీరం ధరించాడా, శరీరమయ్యాడా? : క్రిస్మస్ మీద వాడ నుంచి ఒక విమర్శ

డిసెంబరు నెల వచ్చిందంటే మన మాలపల్లెలు, మాదిగపల్లెలు వెలుగుతాయి. పూరింటి చూరుకో, డాబా పిట్టగోడకో ఒక నక్షత్రం వేలాడుతుంది. తెల్లారగట్ల కుర్రాళ్లు డోలక్ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి పాడతారు. కూలికి పోయే తల్లులు అప్పు చేసైనా పిల్లలకు కొత్తబట్టలు కొంటారు. ఊరి పండుగల్లో వాడ ఎప్పుడూ చివర నిలబడేదే. ఈ ఒక్క పండుగకు మాత్రం వాడే నడిబొడ్డు. అంచేత ఈ సంబరాన్ని తక్కువ చేసి మాట్లాడటం మా ఉద్దేశం కాదు. ఈ పండుగకు గుడిలో, ప్రసంగంలో, నాటకంలో మనకు చెబుతూ వస్తున్న అర్థం ఎవరిది? ఎవరికి పనికొస్తున్నది? ఇదే మేము చర్చకు పెడుతున్నాం.

ముందు నాటకం సంగతి చూద్దాం. ఏ వాడలో చూసినా ఆ రాత్రి పిల్లలు వేసే నాటకం దాదాపు ఒకటే. మరియమ్మ వేషానికి తెల్లగా ఉన్న పిల్లను వెతుకుతారు. ముగ్గురు రాజులకు జరీబట్టలు, కిరీటాలు. గొల్లలకు ఒక గొంగడి, రెండు మాటలు. రాజులు కానుకలిచ్చాక తెర పడుతుంది. మత్తయి రాసిన కథలో వాళ్లు రాజులు కారు, తూర్పుదేశపు జ్ఞానులు. ముగ్గురని కూడా ఆయన రాయలేదు. కానుకలు మూడు గనక మనుషుల్నీ ముగ్గుర్ని చేశారు, తర్వాత కిరీటాలు పెట్టారు. అసలు మత్తయి కథ కానుకలతో ఆగదు. హేరోదు బేత్లెహేము పసిపిల్లల్ని చంపిస్తాడు. యోసేపు రాత్రికి రాత్రే తల్లీబిడ్డల్ని తీసుకుని ఐగుప్తుకు పారిపోతాడు. ఊచకోత, పారిపోవడం, తల్లుల ఏడుపు – ఇవి కూడా క్రిస్మస్ కథే. కారంచేడు నుంచి చీరాలకు పారిపోయి వచ్చిన జనానికి ఈ కథ ఒకరు విప్పి చెప్పక్కర్లేదు. మరి మన నాటకంలో ఆ రంగం ఎందుకు లేదు?

అవతారం అనే మాట

ఈ కోత నాటకంతో మొదలు కాలేదు. మాటతోనే మొదలైంది. దేవుడు మనిషి కావడాన్ని తెలుగు ప్రసంగాల్లో 'నరావతారం', 'మనుష్యావతారం' అంటుంటారు. అవతారం అంటే పైనుంచి కిందికి దిగడం. ఈ మాటకు ఒక చరిత్ర ఉంది. మహాత్మా ఫూలే 1873లో 'గులాంగిరి' రాసినప్పుడు దశావతారాల కథల్ని ఆర్యుల దండయాత్రల కథలుగా చదివాడు. వామనుడు బలిని తొక్కిన కథ కింద పడ్డవాడి వైపు నుంచి చూస్తే ఎలా ఉంటుందో చూపించాడు. ఉత్తరకాండలో శంబూకుడి తల తెగింది కూడా ఒక అవతారపురుషుడి చేతిలోనే గదా. ధర్మం నిలపడానికి దేవుడు దిగివస్తాడని చెప్పినప్పుడల్లా ఏ ధర్మం, ఎవరి ధర్మం అని అడగవలసినవాళ్లం మనం. అటువంటి మాటను తెచ్చి పశువుల తొట్టిలో పడుకున్న బిడ్డకు తగిలిస్తే ఆ బిడ్డ ఎవరి పక్షాన పుట్టాడో మరుగున పడిపోతుంది.

1920లలో మద్రాసులో వి. చక్కరై వంటి క్రైస్తవ మేధావులు యేసును అవతారంగా వివరిస్తూ పుస్తకాలు రాశారు. క్రైస్తవం పరాయి మతం కాదని చూపించాలనే తపన వాళ్లది. దాన్ని మేము అర్థం చేసుకోగలం. కానీ 'మన సంస్కృతి' అని వాళ్లు ఎత్తుకున్నది వేదాంతాన్ని, భక్తి సంప్రదాయాన్ని. తోలు ఊనే గూడెం, మాలపల్లె మగ్గం ఆ సంస్కృతిలో లెక్కకు రాలేదు. 1980లలో అరవింద్ నిర్మల్ దళిత వేదాంతాన్ని ప్రతిపాదిస్తూ ఎత్తిచూపిన లోపం ఇదే. భారతీయ క్రైస్తవ వేదాంతం బ్రాహ్మణ సంప్రదాయంతోనే మాట్లాడుతూ వచ్చిందనీ, చర్చిలో అత్యధికులైన దళితులతో మాట్లాడలేదనీ ఆయన విమర్శ. యేసునే దళితుడిగా చూడాలని ఆయన అన్నాడు.

ఇక మన తెలుగు బైబిలు మాట 'శరీరధారి'. ఇది అవతారం కంటే మేలైన మాటే. అయినా ఒక పేచీ ఉంది. ధారి అంటే ధరించినవాడు. వేషధారి వేషం విప్పగలడు. శరీరధారి శరీరం విప్పగలడా? యోహాను గ్రీకులో రాసినది ధరించడం గురించి కాదు, కావడం గురించి. వాక్యం మాంసం అయింది. ఆయన వాడిన గ్రీకు మాటకు అర్థం మాంసమే. ఆ వెంటనే 'నివసించెను' అని మనం చదువుకునేచోట గ్రీకు మాటకు గుడారం వేసుకోవడం అని అర్థం. మన భాషలో చెప్పాలంటే మన మధ్య గుడిసె వేసుకున్నాడు. ఆ రోజుల్లోనే కొందరు క్రీస్తుకు ఉన్నది నిజమైన శరీరం కాదు, ఉన్నట్టు కనిపించిందంతే అని వాదించారు. సంఘం ఆ వాదాన్ని తోసిపుచ్చింది. 451లో కల్కెదోను సభ ఆయన నిజంగా దేవుడు, నిజంగా మనిషి అని తీర్మానించింది. ఇదంతా పండితుల తగువులే అనుకోవద్దు. అంటరానితనం ఆత్మకు తగిలేది కాదు, ఒంటికి తగిలేది. నీడకు, చేతికి, గ్లాసుకు, బావికి, శవానికి తగిలేది. ఒంటిని పక్కనపెట్టి ఆత్మను మాత్రమే రక్షించే దేవుడు అంటరానివాడికి సగం దేవుడే.

ఎక్కడ పుట్టాడు, ఏ ఒంటితో పుట్టాడు

లూకా రాసినది చదివితే ఒళ్లు, చోటు కళ్లకు కడతాయి. చక్రవర్తి ఔగుస్తు జనాన్ని లెక్క రాయించమన్నాడు. నిండు చూలాలిని వెంటబెట్టుకుని పేరు రాయించుకోవడానికి ఒక వడ్రంగి ఊరు వదిలి నడిచాడు. సత్రంలో చోటు దొరకలేదు. బిడ్డను పశువులు మేత తినే తొట్టిలో పడుకోబెట్టారు. కబురు మొదట అందింది పొలంలో రాత్రి మంద కాసేవాళ్లకి. తర్వాత దేవాలయంలో తల్లి శుద్ధికి అర్పించింది రెండు పక్షుల్ని. గొర్రెపిల్లను తేలేని పేదవాళ్లకు ధర్మశాస్త్రం ఇచ్చిన వెసులుబాటు అది. బిడ్డ పుట్టకమునుపే ఆ తల్లి పాడిన పాటలో బలవంతులు గద్దె దిగుతారు, ఆకలిగొన్నవాళ్ల కడుపు నిండుతుంది.

కొష్టంలో పేడ ఎత్తిన జీతగాడికి ఆ తొట్టి తెలుసు. దాని వాసన తెలుసు. ఆ జీతగాడు పశువుల మధ్య పడుకోవచ్చు, దొర వసారా ఎక్కకూడదు. బొమ్మల కొలువులో మనం పెట్టే తొట్టిలో బంగారు రంగు గడ్డి, నీలికళ్ల బిడ్డ. వాసన లేదు. వాసన తీసేశాక అది ఎవరి తొట్టి?

ఇక్కడ జాషువాను తలుచుకోవాలి. వినుకొండలో 1895లో పుట్టిన ఈ క్రైస్తవ మాదిగ తల్లి బిడ్డ 'క్రీస్తు చరిత్ర' ప్రచురించాడు. దానికి 1964లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. కానీ క్రిస్మస్‌ను అర్థం చేసుకోవడానికి మాకు అంతకంటే 1941 నాటి 'గబ్బిలం' దగ్గరగా కనిపిస్తుంది. అందులో అంటరానివాడు తన గోడు కాశీలోని శివుడికి చెప్పుకోవాలి. తను గుడిలోకి పోలేడు, గబ్బిలం పోగలదు. అంచేత గబ్బిలంతో కబురు పంపుతాడు. మనిషి బయట, దేవుడు లోపల, నడుమ ఒక గబ్బిలం. క్రిస్మస్ కథ ఈ దారిని తిప్పేస్తుంది. కబురు పైకి పోనక్కర్లేదు, దేవుడే కొష్టంలో ఉన్నాడు. ఆ దేవుణ్ణి మళ్లీ పైకెక్కించి, అవతారమని కిరీటం పెట్టి, జరీబట్టలు కట్టిన రోజు మనం తిరిగి గబ్బిలాన్ని వెతుక్కునే మనుషులమే అవుతాం.

ఒంగోలు నుంచి చుండూరు దాకా

మన తాతలు ఈ అర్థాన్ని పుస్తకాల్లో చదవలేదు, ఒంటితో చదివారు. 1866లో బాప్తిస్మం తీసుకున్న మాదిగ ఎర్రగుంట్ల పేరయ్య ఒంగోలు చుట్టుపక్కల పల్లెల్లో తన చుట్టాల మధ్యే తిరిగి ఈ కబురు చెప్పాడు. దొర జాన్ క్లౌ కంటే ముందు వాడలోకి నడిచినవి పేరయ్య కాళ్లు. మాదిగల్ని చేర్చుకోకపోతే మేమొస్తామని పైకులాలవాళ్లు పెట్టిన షరతును క్లౌ దంపతులు ఒప్పుకోలేదు. 1876–78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ పనిలో కొంత కాంట్రాక్టు తీసుకుని కూలి ఇప్పించాడు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇది అన్నం కోసం చేరిన మంద అని ఎద్దేవా చేసినవాళ్లున్నారు. కానీ చేరినవాళ్లు ఏం మానేశారో చూడండి. చచ్చిన గొడ్డు మాంసం మానేశారు. ఆదివారం వెట్టి మానేశారు. ఊరి జాతరలో డప్పు కొట్టడం మానేశారు. దానికి ఊరు కక్షగట్టి పని ఇవ్వనంది. శరీరం మీద ఊరికున్న హక్కును కాదన్నందుకే ఆ కక్ష.

రాజ్యం మాత్రం ఈ శరీరాన్ని గుర్తించనంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుణ్ణి చేర్చలేదు. మన రాష్ట్రంలో మతం మారిన దళితుణ్ణి బి.సి. 'సి' గ్రూపులో ఒక్క శాతంలో పెట్టారు. అందుకే మనవాళ్లకు రెండు పేర్లు: చర్చి రిజిస్టరులో ఒకటి, మండలాఫీసు సర్టిఫికెట్‌లో ఇంకొకటి. ఔగుస్తు లెక్కలో పేరు రాయించుకోవడానికి పోయిన కుటుంబం బాధ మనకు ఇక్కడ అర్థమవుతుంది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు పెట్టిన కేసులో, క్రైస్తవుడైనవాడికి అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ ఉండదని చెప్పింది. 1985 జులై 17న కారంచేడులో గొడ్డళ్లు, బరిసెలు పట్టినవాళ్లు బాప్తిస్మం రిజిస్టరు చూశారా? చచ్చిపోయినవాళ్లలో బైబిలు పేర్లున్నవాళ్లున్నారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపి కాలవలో పడేసినప్పుడు ఎవరి మతం ఎవరడిగారు? దెబ్బ కులం మీద పడింది. న్యాయం మతం అడిగింది.

మనల్ని మనం అడగాల్సినవి

రాజ్యాన్ని తిట్టి ఊరుకుంటే సరిపోదు. అంబేద్కర్ మతం మారినవారి స్థితి గురించి రాస్తూ చర్చిని నిలదీశాడు. అంటరానివాడి పతనానికి కారణం అతని పాపమని బోధిస్తే, అతణ్ణి ఆ స్థితిలో పెట్టిన సమాజం తప్పించుకుంటుందని ఆయన వాదన. ఈ మాటకు మన చర్చిలు ఇంకా జవాబు చెప్పలేదు. 2022లో హైదరాబాదు ఆర్చిబిషప్ పూల ఆంథోనీ కార్డినల్ అయ్యాడు, దళితుల నుంచి మొదటివాడు. సంతోషించవలసిందే. కానీ పెళ్లి సంబంధం దగ్గర మాల క్రైస్తవుడు, మాదిగ క్రైస్తవుడు ఇంకా వేరు వేరే. ఒకే బల్ల దగ్గర రొట్టె విరిచి, సంబంధం అడిగితే మొహం తిప్పుకుంటే దేవుడు శరీరమయ్యాడని మనం ఏ నోటితో చెబుతాం?

మేము అడుగుతున్నది పెద్దదేం కాదు. ఈసారి నాటకంలో హేరోదు రంగం పెట్టండి. మరియమ్మ వేషం నల్లపిల్లకు కట్టండి. కొష్టంలో పనిచేసిన ముసలాయన్ని పిలిచి తొట్టి గురించి రెండు మాటలు చెప్పించండి. ప్రసంగంలో 1950 ఉత్తర్వు పేరెత్తండి. మాలపల్లె కేరల్ బృందం మాదిగపల్లెలో అన్నం తిని రావాలి, మాదిగపల్లె బృందం మాలపల్లెలో తిని రావాలి. టీ తాగి రావడం కాదు, అన్నం తిని రావడం. ఆ అన్నం దగ్గర ఎవరు కూర్చున్నారు, ఎవరు కూర్చోలేదు అనేదాన్ని బట్టే దేవుడు మన మధ్య గుడిసె వేసుకున్నాడో లేదో తేలుతుంది. దీనిమీద చర్చిల లోపలా బయటా ఉన్న మిత్రులు రాయాలని కోరుతున్నాం.