సైలెన్సర్ కన్నా ముందు

"బండి నడపడం వచ్చాక మళ్లీ స్కూలెందుకు బాబాయ్?" అని మా అన్నయ్య కొడుకు అడిగాడు. వాడు వేసిన లెక్కలో న్యాయముంది. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద జరిగే రైడింగ్ స్కూలుకి హైదరాబాద్ నుంచి వెళ్లాలంటే ఫీజు ఒక్కదానితో పోదు. ఆరు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం, లాడ్జి, లెదర్ సూటు, బూట్లు, గ్లవ్స్, మామూలుకన్నా తొందరగా అరిగిపోయే టైర్లు. పైగా రేసింగుకి, వేగ పరీక్షలకి వర్తించదన్న షరతు మామూలు వాహన బీమా పాలసీల్లో ఉంటుంది. సొంత బండి అక్కడ పడితే రిపేరు ఖర్చు మనదేనని ముందే అనుకోవాలి. ఇవన్నీ చెప్పాకే, వెళ్లమని చెప్పాను.

మనలో చాలామంది బైకు నేర్చుకున్న తీరు గుర్తు చేసుకోండి. అన్నో, మావయ్యో వెనక కూర్చుని క్లచ్, గేరు చూపించాడు. తర్వాత లైసెన్సు కోసం నెమ్మదిగా ఎనిమిది అంకె తిప్పాం. చదువు అక్కడితో సరి. కొడుకు అడిగాడని రెండు లక్షల బండి కొనిచ్చే ఇంట్లో, దాన్ని మలుపులో ఎలా నడపాలో నేర్పించడానికి డబ్బు పెట్టాలన్న ఆలోచనే రాదు.

ఈ చదువుకి ఒక పద్ధతి ఏర్పరచినవాళ్లలో కీత్ కోడ్ అనే అమెరికన్ ముఖ్యుడు. 1980లో కాలిఫోర్నియా సూపర్‌బైక్ స్కూల్ పెట్టాడు. ఆ స్కూలు ఇరుంగాట్టుకోట్టైకి కూడా వచ్చి పాఠాలు చెప్పింది. మనిషికున్న ధ్యాసను ఆయన పది డాలర్ల నోటుతో పోల్చాడు. కొత్తగా నడిపేవాడికి అందులో ఎక్కువ భాగం చేతుల పనికే అయిపోతుంది, దారి చూడటానికి మిగిలేది చిల్లరే. చేతులకి పని అలవాటయ్యే కొద్దీ ఆ ఖర్చు తగ్గి, కళ్లకి మిగులుతుంది. నేను వెళ్లమనడానికి అసలు కారణం ఇదే.

ఆ స్కూలు మొదట చేయించే పని వింతగా ఉంటుంది. ఒకే గేరు, బ్రేకు ముట్టుకోకూడదు, అలా ట్రాక్ చుట్టి రావాలి. బ్రేకు లేదనేసరికి మలుపు ఇంకా దూరంగా ఉండగానే మనసు వేగం కొలవడం మొదలుపెడుతుంది. మలుపులోకి ఒరిగాక యాక్సిలరేటర్ కొద్దికొద్దిగా, ఎక్కడా ఆపకుండా ఇస్తూ పోవాలి. అప్పుడు బరువు వెనక చక్రం మీదికి జరిగి బండి కుదురుగా ఉంటుంది. భయపడి ఒక్కసారిగా వదిలేస్తే బరువంతా ముందు చక్రం మీద పడుతుంది. ఆ కంగారులో ముందు బ్రేకు కూడా నొక్కితే ఒరిగిన బండి నిటారుగా లేచి, మలుపు తిరగకుండా బయటికి పోతుంది. ఎడమకి తిరగాలంటే ఎడమ చేతి వైపు హ్యాండిల్‌ని ముందుకి నెట్టాలన్న సంగతి కూడా, ఏళ్ల తరబడి తెలియకుండానే చేస్తున్నదైనా, తెలిసి చేసినప్పుడు బండి ఎంత చప్పున మాట వింటుందో చూసి ఆశ్చర్యం వేస్తుంది.

ఇక చూపు. దోర్నాల నుంచి శ్రీశైలం ఎక్కేటప్పుడో, మారేడుమిల్లి ఘాట్‌లోనో మలుపు తిరగ్గానే లారీ ఎదురైతే కళ్లు దానికే అతుక్కుపోతాయి. కళ్లు ఎటు ఉంటే బండీ అటే పోతుంది. ఖాళీ ఉన్న వైపు చూడమని చెప్పడం తేలికే. భయం వేసిన క్షణంలో అలా చూడటానికి సాధన కావాలి. ఘాట్ రోడ్డు మీద ఆ సాధన కుదరదు, అక్కడ తప్పితే లోయ. ఇరుంగాట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల చుట్టు, 12 మలుపులు, ఎదురొచ్చే వాహనం ఉండదు. అదే మలుపు మళ్లీ మళ్లీ తిరగవచ్చు, వెనకే వచ్చిన కోచ్ ఏం చేశామో చెబుతాడు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. వాళ్లలో 44 శాతానికి పైగా రెండు చక్రాల బండ్ల మీద ఉన్నవాళ్లే. ఈ అంకెల ముందు ఆ ఫీజు నాకు దుబారాగా కనిపించదు.

అయితే ట్రాక్ అన్నీ నేర్పదు. అడ్డంగా వచ్చే గేదె, రాంగ్ రూట్లో ఆటో, వెనక లైటు లేని ట్రాక్టర్ అక్కడ ఉండవు. రెండు రోజులు నేర్చుకొచ్చి నల్లమల రోడ్డుని ట్రాక్ చేసుకునేవాళ్లని చూస్తే నాకు కోపం వస్తుంది. మోకాలు నేలకి ఆనించిన ఫొటో కోసమే అయితే వెళ్లొద్దు. నిన్నగాక మొన్న బండి నేర్చుకున్నవాళ్లు కూడా కొన్నాళ్లు ఆగాలి. గేర్లు, బ్రేకులు ఇంకా అలవాటు కాకపోతే అక్కడ చెప్పేది బుర్రకెక్కదు. బండికి ఏబీఎస్ ఉంది కదా, ఈ చదువెందుకు అనీ అనుకోవద్దు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది. చక్రం బిగుసుకోకుండా అది ఆపుతుంది, మలుపుకి ఎంత వేగం తగునో మాత్రం నడిపేవాడే తేల్చుకోవాలి.

మా వాడికి చెప్పిందే మీకూ చెబుతున్నాను. ముందు మంచి హెల్మెట్, తర్వాత కొత్త టైర్లు, ఆ తర్వాత స్కూలు. సూటు, బండి అద్దెకి దొరుకుతాయేమో నిర్వాహకులను అడగండి. అప్పు చేసి వెళ్లొద్దు. కొత్త సైలెన్సర్ కోసమో, ఇంకా పెద్ద బండి కోసమో డబ్బు దాచుకుంటుంటే మాత్రం, అందులోంచి ముందు ఈ ఫీజు కట్టండి.