నోరు లేని కంచరగాడిద

బొమ్మ సైనికుడనగానే ఎర్రకోటు, బిగదీసిన నడుం, భుజాన తుపాకీ గుర్తొస్తాయి. బ్రిటన్స్ కంపెనీ 1893లో లోపల డొల్లగా ఉండే సీసం సైనికులను పోతపోయడం మొదలుపెట్టిన నాటి సోకు అది. బర్మా అడవిలో పోరాడిన చిండిట్ల బొమ్మల్లో ఆ సోకేమీ కనిపించదు. నా బల్ల మీదున్న జత చూడండి: ఒక గూర్ఖా జవాను, అతని వెనక ఒక కంచరగాడిద. ఇద్దరూ అలిసిపోయారు.

బర్మా గుళ్ళ ముందు కాపలా కూర్చునే సింహం 'చింతే'. చిండిట్ అన్న పేరు దాన్నుంచి వచ్చిందే. 1943లో బ్రిటిష్ సైన్యాధికారి ఆర్డ్ వింగేట్ సుమారు 3 వేల మంది చిండిట్లను చింద్విన్ నది దాటించి జపాన్ సేనల వెనక్కి తీసుకెళ్ళాడు. నాలుగోవంతుకు పైగా తిరిగి రాలేదు. 1944 మార్చిలో రెండో విడత ముందు దళాలు గ్లైడర్లలో దిగాయి. రంగూన్‌లో పొట్టపోసుకున్న మనవాళ్ళు 1942లో జపాన్ దాడికి ప్రాణాలు అరచేత పట్టుకుని నడిచొచ్చింది కూడా ఆ బర్మా కొండల మీదుగానే.

జవాను ఎత్తు 54 మిల్లీమీటర్లు, అంటే అసలు మనిషిలో 32వ వంతు. అతని చొక్కా గుండీ పక్కన ఆవగింజ గుమ్మడికాయే. అయినా నన్ను కట్టిపడేసింది గుండీ కాదు, బరువు. వీపున 30 కిలోల మూట ఉన్నవాడు ఎలా నడుస్తాడో శిల్పికి తెలుసు. మెడ ముందుకు సాగింది, పాదం మొత్తంగా నేలకు ఆనింది. మూట పట్టీ కోసుకుపోకుండా ఎడమ బొటనవేలు దాని కిందికి దూర్చాడు. చొక్కా ముడతలన్నీ ఆ పట్టీ వైపే లాక్కుపోయాయి.

రంగులద్దినవాడికి అసలు పరీక్ష ఆకుపచ్చ. టోపీ, చొక్కా, ప్యాంటు, మూట, అన్నీ అదే రంగు. ఒకే డబ్బాలో ముంచి తీస్తే బొమ్మ కాస్తా పచ్చిమిరపకాయ అయ్యేది. నీళ్ళలా పలచన చేసిన ముదురు రంగును ముడతల్లోకి దింపి, ఆరాక దాదాపు పొడికుంచెతో మిట్టల మీద మాత్రం లేతరంగు తాకించాడు. భుజాల మీద చొక్కా ఎండకు వెలిసింది. వెన్ను వెంట చెమటకు నల్లబడింది, ఆ మరక అంచున ఉప్పు తెల్లగా తేలింది. భూతద్దం పెట్టి చూస్తే ఆ అంచు కుంచె కొసతో వేసిన చుక్కల వరస!

లోపాలు లేవని కాదు. రబ్బరు అచ్చు రెండు సగాలు కలిసిన గీత గాడిద చెవుల మధ్య ఆకురాయికి చిక్కకుండా మిగిలిపోయింది. బూట్లు మరీ శుభ్రంగా ఉన్నాయి, బర్మా అడవిలో నడిచిన బూట్లకు అంత మెరుపెక్కడిది?

గాడిదను చివరికి అట్టిపెట్టుకున్నాను. వైర్‌లెస్ సెట్టు మోసేది అదే. ఆ సెట్టు లేకపోతే విమానాల నుంచి తిండి పడదు. కానీ అది ఓండ్ర పెడితే శత్రువుకు జాడ తెలిసిపోతుంది. అందుకని రెండో విడతలో వెళ్ళిన కంచరగాడిదలకు గొంతు తీగలు కోసేశారు. ఈ బొమ్మలో గాడిద మెడ సాచింది, ముక్కుపుటాలు విచ్చుకున్నాయి, నోరు తెరుచుకుంది. జవాను వెనక్కి తిరిగి చూడటం లేదు. అతని కుడిచెయ్యి తాడును వదులుగా పట్టుకుని ఉంది.

దాని మూతి మూయాల్సిన పని అతనికి లేదు.