చర్చి పాట నాటకశాలకెక్కితే

ప్రార్థన పాటకు టికెట్ పెట్టొచ్చా? అమెరికాలోని నల్లజాతి చర్చిల్లో ఈ తగువు పాతదే. గాయని మహాలియా జాక్సన్ నైట్‌క్లబ్బుల గడప తొక్కనంది. క్లారా వార్డ్ 1960లలో ఏకంగా లాస్‌వేగస్‌లోనే పాడింది. ఆ క్లారా బృందం వార్డ్ సింగర్స్‌లో ఎదిగిన మారియన్ విలియమ్స్ నాటకశాల దారి పట్టింది.

మారియన్ 1927లో మయామీలో పుట్టింది. పేదరికం వల్ల చదువు చిన్నప్పుడే ఆగిపోయింది. తంబూరిన్లు, డ్రమ్ములు, చప్పట్లతో దద్దరిల్లే పెంతెకొస్తు ఆరాధనే ఆమెకు సంగీత పాఠశాల. అక్కడ నేర్చినదేమిటో తెలియాలంటే వార్డ్ సింగర్స్ పాడిన ‘ష్యూర్లీ గాడ్ ఈజ్ ఏబుల్’ వినాలి. మెంఫిస్ పాస్టర్ హెర్బర్ట్ బ్రూస్టర్ రాసిన పాట అది. తాళం నాలుగు దెబ్బలు, ఒక్కో దెబ్బకు మూడు మాత్రలు. మన లెక్కలో తిశ్ర నడక. తొందరపడని ఊపు. బృందం ఒకే మాట పట్టుకుని, మన బుర్రకథ వంతల్లా, వదలకుండా అందిస్తూ ఉంటుంది. ఆ వంత మీద ముఖ్య గాయని ఒక్కో చరణాన్నీ సాగదీస్తుంది, విరుస్తుంది, ఒక్కోసారి దెబ్బకు కాస్త వెనకబడి మరీ అందుకుంటుంది. పాట ముగిసిందనుకున్నచోట చిన్న ముక్కను పట్టుకుని పదేపదే తిప్పుతూ వేడి పెంచడం ఈ సంప్రదాయంలో అసలు పరీక్ష. ఎక్కడ ఆపాలో తెలియనివాళ్ళు అక్కడే తేలిపోతారు.

మారియన్ మంద్రంలో గొంతు గీరుతూ గుర్రుమనేది. అక్కణ్ణుంచి చటుక్కున దొంగగొంతులోకి ఎగబాకి ‘వూ’ అని కేక వేసేది. రాక్ సంగీతంలో లిటిల్ రిచర్డ్ పేరు మోగించిన కేక ఇక్కడిదే. పూనకమొస్తే ఎవరైనా అలా పాడతారనుకునేవాళ్ళు ఆ కేక సరిగ్గా ఏ దెబ్బ మీద పడుతోందో ఒకసారి లెక్కపెట్టి చూడాలి.

1958లో మారియన్ డబ్బు దగ్గర తేడా వచ్చి క్లారాను విడిచి, తోటి గాయనులతో ‘స్టార్స్ ఆఫ్ ఫెయిత్’ పెట్టుకుంది. భక్తి పాటలు పాడేవాళ్ళకూ ఇంటద్దె ఉంటుంది మరి.

1961 డిసెంబరులో న్యూయార్క్‌లో ‘బ్లాక్ నేటివిటీ’ నాటకానికి తెర లేచింది. రచన లాంగ్‌స్టన్ హ్యూస్, దర్శకత్వం వినెట్ క్యారల్. మొదటి అంకం క్రీస్తు జననం, మాటా పాటా నాట్యంతో. రెండో అంకం దాదాపు చర్చి ఆరాధనే. ఈ నాటకంలో మారియన్, అలెక్స్ బ్రాడ్‌ఫర్డ్ పాడారు. మరుసటి ఏడాది నాటకం ఇటలీలోని స్పొలేటో ఉత్సవానికీ, లండన్‌కూ వెళ్ళింది.

నటనంటే పరకాయ ప్రవేశమే అనుకుంటే ఆమెను నటి అనడం కష్టం. వేదిక మీద ఆమె మరొకరు కాలేదు. కానీ చర్చిలో సాక్ష్యం చెప్పేవాళ్ళకు ఎదుటివాళ్ళ ముఖాలు చదవడం, ఒకరిని ఎంచుకుని వాళ్ళకే పాడడం వచ్చి తీరాలి. నాటకశాలకు కావలసిందీ అదే. అందుకే ఆమె తన పాటను నాటకం కోసం మెత్తబరచలేదు. టికెట్ కొని కూర్చున్నవాళ్ళనూ సంఘంగానే లెక్కగట్టి పాడిందని నాకనిపిస్తుంది. బ్లూస్ పాడమని డబ్బు ఆశ చూపినా ఒప్పుకోలేదు.

1993లో ఆమెకు మెకార్థర్ ఫెలోషిప్, కెనెడీ సెంటర్ గౌరవం రెండూ వచ్చాయి. ఆ గౌరవ సభలో లిటిల్ రిచర్డ్, అరెతా ఫ్రాంక్లిన్ ఆమె కోసం పాడారు. 1994 జులైలో ఫిలడెల్ఫియాలో కన్నుమూసింది. కొత్తగా వినేవాళ్ళు బ్రూస్టర్ పాటతో మొదలుపెట్టి, ‘ప్యాకిన్ అప్’ విని, ఆ తర్వాత వీ-జే కంపెనీ తెచ్చిన ‘బ్లాక్ నేటివిటీ’ రికార్డుకు వెళ్ళడం మంచిది.